మీకు తెలుసా? గుట్ట గుడికి నమూనా గీసింది సినిమా కళాదర్శకుడు

ఆలేరు నియోజకవర్గంలోని యాదగిరిగుట్ట లక్ష్మీనరసింహస్వామి ఆలయ పునర్నిర్మాణానికి ప్రధాన ఆర్కిటెక్ట్ ఆనంద్ సాయి. అంతకుముందు ఆయన పని సినిమా సెట్లు వేయడం. ‘తొలిప్రేమ’ (1998), ‘యమదొంగ’ (2007) చిత్రాల కళాదర్శకుడు ఆయనే. షూటింగ్ అయిపోగానే కూల్చేసే కట్టడాల నుంచి శతాబ్దాలు నిలవాల్సిన రాతికట్టడానికి మారడం చిన్న మలుపేమీ కాదు.

యాదాద్రి (యాదగిరిగుట్ట) ఆలయ అభివృద్ధి ప్రాధికార సంస్థ (వైటీడీఏ) 2015లో ఏర్పడింది. గుడి ఒక్కటే కాదు, చుట్టూ ఆలయనగరిని తీర్చిదిద్దడమూ దాని బాధ్యతే. 2016లో పనులు మొదలై మూలవిరాట్టున్న గుహ చెక్కుచెదరకుండా చుట్టూ కొత్త ఆలయం లేచింది. ఆనంద్ సాయి గీసిన నమూనాలకు ఆగమశాస్త్రం ప్రకారం స్థపతులు, శిల్పులు రూపమిచ్చారు. ప్రధానాలయాన్ని కృష్ణశిలతో కట్టారు. రాళ్లను అతికించడానికి సిమెంటు వాడలేదు, పాతకాలపు సున్నపు మిశ్రమమే వాడారు. పడమటి వైపున్నది సప్తతల రాజగోపురం. పనులు సాగినన్నాళ్లూ స్వామికి పూజలు తాత్కాలిక ఆలయమైన బాలాలయంలో జరిగాయి.

వివాదమూ లేకపోలేదు. 2019లో ప్రాకార మండప స్తంభాలపై నాటి ముఖ్యమంత్రి కేసీఆర్ బొమ్మ, ఆయన పార్టీ కారు గుర్తు కనిపించి విమర్శలు రేగడంతో వాటిని తొలగించారు.

2022 మార్చి 28న మహాకుంభ సంప్రోక్షణతో మూలవిరాట్టు దర్శనాలు తిరిగి మొదలయ్యాయి. విమానగోపురానికి బంగారు తాపడం 2025 ఫిబ్రవరిలో పూర్తయింది.