తువాలుకు వాతావరణ సహాయము

తువాలు పసిఫిక్ మహాసముద్రములో తొమ్మిది పగడపు దీవులతో కూడిన చిన్న దేశము. జనాభా సుమారు 11 వేలు. ఇచ్చటి నేల ఎక్కడను సముద్రమట్టమునకు 5 మీటర్ల ఎత్తును మించదు. పెద్ద పోటు వచ్చినపుడు ఉప్పునీరు ఇండ్ల మధ్యకు చేరుచున్నది. పులక అను చేమజాతి దుంపను పండించు గుంతలు చవుడుబారుచున్నవి. భూతాపమునకు కారణమైన ఉద్గారాలలో ఈ దేశపు వాటా లెక్కలోనికి రానంత స్వల్పము.

ధనిక దేశాల సహాయమును కేవలము దానముగా భావించుట సరికాదు. 1992 నాటి ఐక్యరాజ్యసమితి వాతావరణ ఒడంబడికలోని 4వ అధికరణము ప్రకారము, ముప్పునకు లోనగు వర్ధమాన దేశాల రక్షణ ఖర్చులకు అభివృద్ధి చెందిన దేశాలు తోడ్పడవలెను. అయితే "పరిహారము" అను మాటకు అవి అంగీకరించలేదు. నష్టములను గూర్చిన 8వ అధికరణము పరిహారమునకు ఆధారము కాదని 2015లో పారిస్ ఒప్పందముతోపాటు చేసిన తీర్మానములో వ్రాయించినవి. హరిత వాతావరణ నిధి 2016లో తువాలుకు మంజూరు చేసిన 3 కోట్ల 60 లక్షల డాలర్లు కూడా పరిహారము క్రింద ఇచ్చినవి కావు. ఆ పథకములో రాజధాని ఫునాఫుటి వద్ద సముద్రమును పూడ్చి, సుమారు 7 హెక్టార్ల మెరక నేలను ఏర్పరచారు.

రెండవ కారణము రాజకీయము. చైనా 2022లో సోలమన్ దీవులతో భద్రతా ఒప్పందము కుదుర్చుకొన్నది. మరుసటి సంవత్సరము ఆస్ట్రేలియా తువాలుతో ఫలేపిలి ఒప్పందము చేసికొన్నది. దీని ప్రకారము ఏటా 280 మంది తువాలు పౌరులు ఆస్ట్రేలియాలో స్థిరపడవచ్చును. బదులుగా, ఇతర దేశాలతో భద్రతా ఒప్పందాలకు తువాలు ఆస్ట్రేలియా సమ్మతి పొందవలెను. బొగ్గు ఎగుమతిలో ఆస్ట్రేలియా ప్రపంచమున ముందువరుసలో నుండుట గమనార్హము. 2025లో తీసిన మొదటి చీటీలకు, కుటుంబ సభ్యులతో కలిపి, దేశ జనాభాలో సగమునకు పైగా పేర్లు నమోదు చేసికొన్నారు.