మూసిన చిప్ప లోపల ఏముంది?

ఇంగ్లండ్‌లోని డెవన్ ప్రాంతపు శిలలను పరిశీలించిన సెడ్జ్‌విక్, మర్చిసన్ అనే శాస్త్రవేత్తలు 1839లో ఒక భూయుగానికి ‘డెవోనియన్’ అని పేరు పెట్టారు. ఇది సుమారు 41.9 కోట్ల నుంచి 35.9 కోట్ల సంవత్సరాల క్రితం నాటి కాలం. అప్పటి సముద్రాల అడుగున బ్రాకియోపాడ్‌లు విస్తారంగా జీవించాయి. వీటి శిలాజాలు చూడటానికి ఆల్చిప్పల్లా ఉన్నా, ఇవి వేరే వర్గానికి చెందిన జీవులు. ఆల్చిప్ప జాతి జీవులకు దేహానికి కుడివైపు ఒక చిప్ప, ఎడమవైపు ఒక చిప్ప ఉంటాయి. బ్రాకియోపాడ్‌లకు పైన ఒకటి, కింద ఒకటి ఉంటాయి.

మరో ముఖ్యమైన తేడా ఉంది. ఆల్చిప్ప చనిపోతే కండరాల పట్టు సడలి చిప్పలు వాటంతట అవే తెరుచుకుంటాయి. బ్రాకియోపాడ్‌కు చిప్పలు మూయడానికే కాదు, తెరవడానికీ కండరాలే కావాలి. అందుకే చనిపోయాక కూడా చాలా చిప్పలు మూసుకునే ఉండి, అలాగే శిలాజాలయ్యాయి. లోపలి నిర్మాణం రాతిలో దాగిపోయింది.

అయితే వీటిని గుర్తించే ఆధారాలు చాలావరకు లోపలే ఉంటాయి. నీటి నుంచి ఆహారాన్ని వడకట్టే కుచ్చులాంటి అవయవాన్ని లోఫోఫోర్ అంటారు. స్పిరిఫెరిడ్‌లలో దాన్ని మోసే సున్నపు పట్టీ స్ప్రింగులా చుట్టుకొని, కొసలు రెండు పక్కలకు సాగి ఉంటాయి. అట్రిపిడ్‌లలో ఆ చుట్ల కొసలు పై చిప్ప వైపు తిరుగుతాయి. టెరెబ్రాటులిడ్‌లలో అది ఒక వలయం. వీటితోపాటు చిప్పలను కలిపే పళ్లు, గుంటలు, కండరాల గుర్తులనూ పరిశీలిస్తారు.

సంబంధం లేని రకాలు కూడా పైకి ఒకేలా కనిపించవచ్చు. అట్రిపిడ్‌లు సుమారు 37.2 కోట్ల సంవత్సరాల క్రితం జరిగిన విలుప్తంలో పూర్తిగా అంతరించాయి. స్పిరిఫెరిడ్‌లు మిగిలాయి. పైరూపం చూసి పొరబడితే శిల వయసు, అంతరించిన జీవుల లెక్క రెండూ తప్పుతాయి.

లోపలికి చూడటానికి పాత పద్ధతి అరగదీయడం. శిలాజాన్ని మిల్లీమీటరులో కొద్ది భాగం చొప్పున అరగదీస్తూ, ప్రతి దశలో పలుచని ప్లాస్టిక్ పొరపై దాని అచ్చు తీస్తారు. ఆ అచ్చులను వరుసగా పేర్చితే లోపలి ఆకారం తెలుస్తుంది. కానీ శిలాజం మిగలదు. అందుకే ముందుగా దాని నమూనా పోత పోసి, ఫొటోలు తీసి భద్రపరుస్తారు.

ఇప్పుడు సూక్ష్మ సీటీ స్కాన్‌తో శిలాజాన్ని చెడగొట్టకుండానే లోపలి భాగాలు చూడవచ్చు. అయితే చిప్ప, దాని లోపల నిండిన రాయి రెండూ కాల్సైట్ ఖనిజమే అయితే ఎక్స్-కిరణాలకు తేడా సరిగా తెలియదు. అలాంటప్పుడు ఆకురాయే మళ్లీ దిక్కవుతుంది.