నాలుగు ఫ్రేములు పోతే

వందేళ్ల కిందట మాస్కోలో లెవ్ కులెషోవ్ అనే యువ దర్శకుడు ఒక ప్రయోగం చేశాడు. అప్పటికే పేరున్న నటుడు ఇవాన్ మొజూఖిన్ ముఖం క్లోజప్ ఒకటి తీసుకున్నాడు. ఆ ముఖంలో చెప్పుకోదగ్గ భావమేదీ లేదు. దాని పక్కన ఒకసారి సూపు గిన్నె, ఒకసారి శవపేటికలో పడుకోబెట్టిన స్త్రీ, ఒకసారి బొమ్మతో ఆడుకుంటున్న చిన్నపిల్ల షాటు అతికించి జనానికి చూపించాడు. ఆ ప్రయోగంలో పాలుపంచుకున్న దర్శకుడు పుదోవ్‌కిన్ తర్వాత రాసిన ప్రకారం, చూసినవాళ్లు నటుణ్ని తెగ మెచ్చుకున్నారట. సూపు ముందు ఆలోచనలో పడిన చూపు, శవం ముందు దుఃఖం, పిల్లని చూసి మురిపెం! మూడుచోట్లా ఉన్నది ఒకటే ముఖం, ఒకటే షాటు. ఆ ఫిల్ము ఇప్పుడు మిగల్లేదు. అందులోని సంగతి మాత్రం ఎడిటింగ్ టేబుల్ ముందు కూర్చున్న ప్రతివాడికీ రోజూ ఎదురవుతూనే ఉంటుంది.

నేను ఎడిటర్ని. పని నేర్చుకున్నది మద్రాసులో, ఫిల్ము మీద. రష్ చూసేటప్పుడు ఏడుపు రానిది, షాట్లు ఒక వరసలో పడ్డాక వస్తుంది. అది ఎందుకో తెలుసుకోవాలన్న కుతూహలం నాకు ఇన్నేళ్లలో తగ్గలేదు. రెండే షాట్లు ఉన్నాయనుకోండి. ఒకటి ఉత్తరం, ఒకటి నవ్వుతూ కవరు చింపుతున్న తల్లి ముఖం. ముందు ముఖం వేసి తర్వాత ఉత్తరం వేస్తే, అందులో ఏముందోనని ప్రేక్షకుడు ఆమెతో పాటు వెతుక్కుంటాడు. ముందు ఉత్తరం వేస్తే, అందులో కొడుకు చావు కబురుందని అతనికి తెలిసిపోతుంది. ఆమెకి ఇంకా తెలియదు. అప్పుడు ఆమె నవ్వుతూ కవరు చింపుతుంటే మనం చూడలేం. షాట్లు మారలేదు. ఎవరికి ఏది ముందు తెలిసింది అన్నదే మారింది.

మన కథకులు ఈ కిటుకుని సినిమా పుట్టకముందే ఎంత దూరం తీసుకెళ్లారో కర్ణుడి కథలో చూడండి. అతను కుంతి కన్న బిడ్డ అని భారతం మనకు ఆదిపర్వంలోనే చెప్పేస్తుంది. ఆ తర్వాతే కుమారుల అస్త్రవిద్యా ప్రదర్శన. అర్జునుడికి ఎదురుగా కర్ణుడు రంగంలోకి దిగుతాడు, కుంతి మూర్ఛపోతుంది. ఎందుకో మనకు తెలుసు, కొడుకులకి తెలియదు. కర్ణుడి ముందు ఆ సంగతి బయటపడేది ఉద్యోగపర్వంలో, రాయబారానికి వచ్చిన కృష్ణుడి నోట. ధర్మరాజుకి తెలిసేది అన్నీ అయిపోయాక, చచ్చినవాళ్లకి తర్పణాలు వదిలే వేళ. ఒకే నిజం మూడు వేళల్లో, మూడు చోట్ల పడింది. పుట్టుక సంగతి దాచిపెట్టి, మనకీ ధర్మరాజుకీ ఒకేసారి చెప్పి ఉంటే ఏమయ్యేది? చివర్లో ఒక గట్టి దెబ్బ తగిలేది, అంతే. ఇప్పుడు అలా కాదు. అంగరాజ్యం కట్టబెట్టిన దుర్యోధనుడి స్నేహం దగ్గర్నుంచి రథచక్రం కుంగే దాకా, అన్నదమ్ములు ఒకరి మీద ఒకరు బాణాలు వేసుకుంటున్నారని తెలిసే చూస్తాం. ఆ బరువు మాటల్లో లేదు, చెప్పిన వరసలో ఉంది. వ్యాసుడంత గొప్ప ఎడిటర్ లేడని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను.

దీనికి తిరగేసిన పద్ధతి కూడా మనవాళ్లకి బాగా తెలిసిందే. 2015లో ‘బాహుబలి’ మొదటి భాగం కట్టప్ప వెన్నుపోటు దగ్గర ఆగింది. కారణం 2017 దాకా చెప్పలేదు. జరిగిన క్రమంలో చెప్పి ఉంటే ఆ ప్రశ్నే పుట్టేది కాదు.

ఇదంతా కళలో చెల్లే మాయ అని నేను చాలాకాలం అనుకునేవాణ్ని. మా అమ్మాయి ఇంటర్‌లో బైపీసీ చదువుతూ జీవశాస్త్రం పాఠం నాకు అప్పజెప్పేది. ఒకనాడు హరగోవింద్ ఖొరానా ప్రయోగం వచ్చింది. ఆయన పంజాబులోని రాయ్‌పూర్‌ అనే పల్లెలో పుట్టాడు, ఆ ఊరు ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉంది. అమెరికాలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో పనిచేశాడు. కణంలో ప్రొటీను తయారుకావడానికి ఆర్‌ఎన్‌ఏ అనే పోగు మీద నాలుగు రకాల అక్షరాలుంటాయి. కణం వాటిని మూడేసి చొప్పున చదువుతుంది. ఒక్కో మూడక్షరాల జట్టుకి ఒక్కో అమైనో ఆమ్లం వచ్చి చేరుతుంది. ఖొరానా తనకు తెలిసిన వరసలోనే పోగులు తయారుచేశాడు. అందులో ఒకటి యు-యు-సి, యు-యు-సి అని అదేపనిగా సాగేది. మొదటి అక్షరం నుంచి చదివితే అన్నీ యు-యు-సి జట్లు, అంటే ఫినైల్‌అలనిన్. రెండో అక్షరం నుంచి మొదలుపెడితే అన్నీ యు-సి-యు, అంటే సెరీన్. మూడో దాన్నుంచైతే సి-యు-యు, అంటే ల్యూసిన్. ఒకే పోగు నుంచి మూడు వేర్వేరు గొలుసులు వచ్చాయి. ఈ రహస్యలిపిని విప్పినందుకు 1968లో ఖొరానాకి, నైరెన్‌బర్గ్, హోలీలతో కలిపి నోబెల్ ఇచ్చారు.

ఆ పాఠం వింటుంటే నాకు మా పాత టేబుల్ గుర్తొచ్చింది. ఫిల్ము రోజుల్లో బొమ్మ ఒక చుట్ట, మాట ఇంకో చుట్ట. రెండూ పక్కపక్కనే, సెకనుకి 24 ఫ్రేముల చొప్పున నడిచేవి. డబ్బింగ్ అయిపోయాక దర్శకుడు ఒక షాటు కాస్త తగ్గించమంటాడు. బొమ్మలో నాలుగు ఫ్రేములు తీసి, మాటల ట్రాకులో తీయడం మరిచామా, ఆ కోత దగ్గర్నుంచి రీలు చివరి దాకా ఒక్క పెదవీ మాటతో కలవదు. కోతకు ముందున్నదంతా బాగానే ఉంటుంది. ట్రాకులోనూ నాలుగు ఫ్రేములు తీస్తే, అక్కణ్నుంచి మళ్లీ అన్నీ సరిపోతాయి.

1961లో కేంబ్రిడ్జిలో ఫ్రాన్సిస్ క్రిక్, సిడ్నీ బ్రెన్నర్ బృందం చేసి చూపింది సరిగ్గా ఇదే. బాక్టీరియాను పట్టే ఒక వైరస్ జన్యువులో ఒక అక్షరం ఎక్కువైతే అక్కణ్నుంచి చదువు మొత్తం చెడిపోయింది. దగ్గర్లోనే ఇంకో అక్షరాన్ని తగ్గిస్తే మళ్లీ దారిన పడింది. ఒకే దిక్కున మూడు మార్పులు చేసినా దారిన పడింది. కణం మూడేసి చొప్పున చదువుతుందనడానికి గట్టి ఆధారం అలా దొరికింది.

ఈ లెక్క మన రక్తంలోనూ ఉంది. హిమోగ్లోబిన్‌లోని బీటా గొలుసు 146 అమైనో ఆమ్లాల పొడవు. అందులో ఆరో స్థానానికి చెందిన జట్టులో ఒక అక్షరం మారితే ఒక్క ఆమ్లం మారుతుంది, మిగతా 145 మారవు. ఆ ఒక్క మార్పునీ కేంబ్రిడ్జిలోనే వెర్నన్ ఇన్‌గ్రామ్ 1956-57లో పట్టుకున్నాడు. మన్యంలో కనిపించే సికిల్ సెల్ జబ్బుకి మూలం అదే. ఇదే గొలుసు జన్యువులో మనదేశంలో తరచుగా కనిపించే ఇంకో మార్పుంది. ఎనిమిది, తొమ్మిది జట్ల మధ్య జి అనే అక్షరం ఒకటి అదనంగా చేరుతుంది. ఏ అక్షరమూ మారలేదు, పోలేదు. కానీ తర్వాతి జట్లన్నీ జరిగిపోతాయి, ‘ఇక ఆపు’ అనే గుర్తు వేళకు ముందే వచ్చేస్తుంది, గొలుసు తయారుకాదు. తలసేమియా అనే రక్తజబ్బుకి దారితీసే మార్పుల్లో ఇదొకటి.

ఇలాంటి మార్పు తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా వచ్చి జబ్బు తీవ్రమైన బిడ్డకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. ఆ తల్లిదండ్రులు మాత్రం మామూలుగా, ఆరోగ్యంగానే కనిపిస్తారు. వాళ్లలో ఉన్న సంగతిని హెచ్‌బీ ఏ2 అనే రక్తపరీక్ష చాలావరకు చెప్పేస్తుంది. అది పెళ్లి మాటలప్పుడో, కనీసం గర్భం వచ్చిన తొలి వారాల్లోనో తెలిస్తే, డాక్టరుతో కూర్చుని ఏం చేయాలో ఆలోచించుకునే వ్యవధి దంపతులకు ఉంటుంది. అవే అంకెలున్న కాగితం, బిడ్డ పుట్టి పాలిపోవడం మొదలయ్యాక చేతికొస్తే, జరిగినదానికి కారణం చెప్పగలదు గానీ ఆలోచించుకునే వ్యవధిని ఇవ్వలేదు.