బీడు పుల్లీ పుట్టుక

పాత వాల్వు రేడియో వెనుకపలకను ఊడదీసి చూచినవారికి ఒక సంగతి జ్ఞాపకముండును. స్టేషను మార్చు మరను త్రిప్పినప్పుడు లోపల సన్నని త్రాడొకటి చిన్న చిన్న గిలకలమీదుగా జరిగి, ముందటి అద్దము వెనుకనున్న ముల్లును ప్రక్కకు లాగును. ఆ గిలక పగిలినచో ముల్లు ఆగును; అంతకు మించిన నష్టము లేదు. ఆదోని ప్రత్తి మిల్లులలో దశాబ్దములుగా తిరిగిన పుల్లీయు ఆ గిలక జాతిలోనిదే. కాని అది మనిషి నడుము ఎత్తున ఉండును. నిమిషమునకు రెండు మూడు వందల చుట్లు తిరుగును. అది తిరుగుచుండగా పగిలిన దినమున ప్రక్కన నిలుచున్నవాడు ఇల్లు చేరునని చెప్పజాలము. అట్టి పుల్లీని ఎట్లు గీయుదురు, ఎట్లు పోయుదురు, పగులు దానిలో ఎచ్చట పుట్టును అను విషయమును ఈ ప్రసంగమున ముచ్చటించెదము.

కర్నూలు పడమటి సీమయందలి నల్లరేగడి చేలలో పండు ప్రత్తికి ఆదోని పెద్ద అంగడి. చేనినుండి వచ్చిన ప్రత్తిలో గింజయు దూదియు కలిసియుండును. గింజను విడదీయుటకై తోలు రోలరుగల జిన్ను యంత్రమును అమెరికాయందు మెకార్తీ అనునతడు 1840లో కల్పించెను. నేటికిని మన దేశమున నడచు రోలరు జిన్నులు ఆ వంశమునకు చెందినవే. వెనుకటి మిల్లులలో జిన్ను జిన్నునకు వేరు మోటారు ఉండెడిది కాదు. ఒకే ఇంజను, దానివలన తిరుగు ఒకే పొడవాటి ఇరుసు, ఆ ఇరుసుపై వరుసగా పుల్లీలు, ఒక్కొక్క పుల్లీనుండి ఒక్కొక్క జిన్నునకు తోలుపట్టా: ఇది పద్ధతి. ఇప్పుడు యంత్రమునకొక మోటారు అమర్చుట వాడుకయైనది. వెడల్పు పట్టాకు బదులు గాడిలో ఇమిడెడి పట్టాలు వచ్చినవి. అయినను ఆ గాడి పుల్లీలును పెక్కు బీడువే గనుక మేము చెప్పబోవు సంగతి పాతబడలేదు.

బీడు అనగా పోత ఇనుము. తెలుగు, కన్నడములు రెంటను ఈ మాట కలదు. ఆదోని, ఆలూరు తాలూకాలు 1953 వరకు బళ్ళారి జిల్లాలోనివే గనుక ఈ సీమవారికి ఇరుభాషల పనిమాటలును ఒక్కటే. సాగులేని నేలయు బీడే, ఈ ఇనుమును బీడే! నూటికి మూడు పాళ్ళకు మించి బొగ్గుపదార్థము ఇందులో చేరియుండును. చల్లారునప్పుడు అందులో అధికభాగము సన్నని రేకులై లోహమంతట పరచుకొనును. పెన్సిలులోని గ్రాఫైటు ఇదియే. బొగ్గుపదార్థము చేరియున్నందున బీడు సులభముగా కరగి అచ్చు మూలమూలలకు పారును; ఈ రేకులవలన తరిమెనపై చక్కగా తెగును, అదురును మ్రింగివేయును. కాని లాగినప్పుడు ఆ రేకులే చీలికలకు దారి చూపును. అదిమిన బరువు ఎంతయో మోయును; లాగినచో అందులో మూడవ వంతో నాలుగవ వంతో మాత్రమే ఓర్చును. పుల్లీ కష్టమంతయు ఈ లాగుడులోనే యున్నది.

పుల్లీ అంగములకు మన బండిచక్రపు పేర్లే పెట్టుకొందము. నడుమ ఇరుసు దూరునది కుండ, కుండనుండి పోవునవి ఆకులు, చుట్టునున్నది అంచు. బండిచక్రమును వడ్రంగి ముక్కలుముక్కలుగా చేసి కూర్చును. తుదకు కమ్మరి ఇనుపకమ్మిని ఎర్రగా కాల్చి, వ్యాకోచించియున్నప్పుడే చక్రముపై తొడిగి, నీళ్ళు క్రుమ్మరించును. కమ్మి చల్లారి ముడుచుకొని, పూటీలను ఆకులలోనికి, ఆకులను కుండలోనికి బిగించును. ఆ ముడుచుకొనుటయే చక్రమునకు బలము. బీడు పుల్లీ విషయమున అదే ముడుచుకొనుట శత్రువగును. ఏలయన కుండయు, ఆకులును, అంచును ఒకే పోతలో ఒకే ముద్దగా పుట్టును. చల్లారుట మాత్రము అన్నియు ఒకేసారి చల్లారవు.

లెక్క చూతము. 900 మిల్లీమీటర్ల వ్యాసముగల పుల్లీ, 60 మిల్లీమీటర్ల ఇరుసుపై తిరుగవలెననుకొందము. యంత్రనిర్మాణ గ్రంథములలోని వాడుక ప్రకారము, ఒంటిపట్టాకు అంచు మందము వ్యాసములో 200వ వంతుకు 3 మిల్లీమీటర్లు చేర్చినంత. అనగా 7½ మిల్లీమీటర్లు. కుండ వ్యాసము ఇరుసునకు ఒకటిన్నర రెట్లకు 25 చేర్చినంత; అనగా 115. నడుమ రంధ్రము పోగా కుండగోడ 27½ మిల్లీమీటర్లు. తరిమెనకై రెంటికిని 3 మిల్లీమీటర్ల చొప్పున అదనముంచినచో, పోతలో అంచు 10½, కుండ 30½ అగును. ఇంచుమించు మూడు రెట్లు. మందము మూడు రెట్లైనచో గట్టిపడు కాలము మూడు రెట్లు కాదు, సుమారు తొమ్మిది రెట్లగును. అంచు గట్టిపడి బిగిసినప్పటికి కుండ ఇంకను ఎర్రగా మెత్తగా ఉండును. తరువాత కుండ చల్లారుచు ముడుచుకొనుచు ఆకులను తనవైపు లాగును. అంచు అప్పటికే బిగిసినది, కదలదు. నడుమ చిక్కిన ఆకులు తాళ్ళవలె బిగిసిపోవును. పుల్లీ ఇరుసు నెక్కకముందే, ఒక్క చుట్టైనను తిరుగకముందే, దాని ఒంటిలో ఈ లాగుడు నిలిచిపోవును. కంటికి మాత్రము కనబడదు.

మేమొక పోతశాలలో ఉదయమున మాటలాడుచు కూర్చుండగా, ముందునాటి పోతల గుట్టనుండి "ఠంగు" మని శబ్దము వచ్చినది. ఎవరును ముట్టలేదు. పోయి చూడగా ఒక పుల్లీ ఆకు అంచునకు కలియుచోట వెంట్రుకవంటి చీలిక! దానిని పోసిన వృద్ధుడు కోపగింపలేదు. "ఇక్కడే విరిగినది, మేలు" అని మాత్రమనెను.

ఈ లాగుడును తప్పించుటకే పాత పుల్లీల ఆకులు వంకరగా ఉండును. అది సొగసుకొరకని పెక్కుమంది తలతురు. మేమును చాలకాలము అట్లే తలచితిమి. నిటారుగా నున్న ఆకు లాగినచో తెగుటయే గాని సాగుట ఎరుగదు. వంకర ఆకు లాగినప్పుడు ఇంచుక విచ్చుకొని, ఆ మేరకు బిగువును తగ్గించును. కొందరు ఆకుల సంఖ్యను బేసిగా పెట్టుదురు. ఒక ఆకునకు ఎదురుగా సరిగా మరియొక ఆకు లేనందున ముఖాముఖి లాగుడు తగ్గును. పెద్ద పుల్లీలకు కుండను చీల్చి పోయుట మరియొక ఉపాయము. చీలిక ఉన్నందున కుండముక్కలు తమంతట తాము ముడుచుకొనును. తరువాత ఆ చీలికలలో ముక్కలు బిగించి, కుండచుట్టు కాల్చిన ఇనుపకట్లు తొడుగుదురు. బండిచక్రపు కమ్మరి విద్య ఇచ్చట మరల ప్రవేశించినదన్నమాట.

ఆకులు వాడుకగా 600 మిల్లీమీటర్ల వ్యాసము వరకు నాలుగు, అంతకు మించి 1500 వరకు ఆరు. 200 లోపు పుల్లీకి ఆకులే యుండవు. పళ్ళెమువలె నిండుగా పోయుదురు. ఆకు కోత దీర్ఘవృత్తముగా, వెడల్పు మందమునకు రెట్టింపుగా ఉండి, కుండ దగ్గర లావై అంచువైపు సన్నబడును. వంపుబరువు కుండ దగ్గరనే ఎక్కువ. కలియుచోట్ల పదునైన మూల ఉండరాదు, గుండ్రన తప్పదు. ఇక అంచు పైతలము నడుమ ఒకటి రెండు మిల్లీమీటర్లు ఉబ్బియుండుట చూచినవారు, పట్టా ఎత్తునుండి జారిపోవలెనుగదా యని సందేహింతురు. జరుగునది వేరు: తిరుగు పట్టా ఎప్పుడును ఎక్కువ వ్యాసమున్నవైపునకే ఎగబ్రాకును. నడుమ ఎత్తుగా ఉండుటవలననే అది నడుమ నిలుచును.

ఇక పోతశాలలోనికి పోదము. మొదట వడ్రంగి కొయ్యతో నమూనా చేయును. బీడు గట్టిపడి చల్లారునప్పటికి నూటికి ఒక పాలు కురుచయగును. కావున 900 రావలెనన్న నమూనా 909 ఉండవలెను, పైన తరిమెన అదనము వేరు. ఈ లెక్క మాటిమాటికి వేయకుండ, నూటికొకటి సాగదీసిన గుర్తులుగల కొలబద్దను వారు వాడుదురు. ఆ కొలబద్దతో బజారున బట్ట కొలిచినచో కొనువానికి లాభము!

జొన్నగిరి చేలలో తొలకరి వానలకు వజ్రములకై నేలమీద చూపు నిలిపి నడచువారు కలరు. పోతగాడును మన్ను వెదకువాడే. అతనికి మన్నే వజ్రము. ఇసుకరేణువులను కూర్చుటకు కొంత జిగటమన్ను, దానిని మేల్కొల్పుటకు కొంత నీరు, పోత నునుపు దేరుటకు కొంత బొగ్గుపొడి కలుపును. గుప్పెడు తీసి పిసికి, ఆ ముద్దను నడిమికి విరిచి చూచును. వ్రేళ్ళ గుర్తులు నిలిచి, విరిగిన అంచు రాలకుండ నున్నచో మన్ను కుదిరినది. చేతికి తడి అంటినచో కుదరలేదు. నీరెక్కువైనచో కరగిన బీడు తగులగానే ఆవిరి పుట్టి, పోవు దారిలేక లోహములోనే బుడగలై నిలుచును. ఆ బుడగ అంచులోపల చిక్కినచో తరిమెన పట్టినను బయటపడకపోవచ్చును. అందువలననే మన్ను దట్టించిన తరువాత సన్నని ఇనుపపుల్లతో అచ్చునిండ రంధ్రములు పొడుచుదురు. ఈ పని చూడ విసుగు పుట్టించును, చేయువాడు విసుగుకొనరాదు.

అచ్చు రెండు పెట్టెలలో తయారగును. ఆకుల నడిమి గీత వద్ద పెట్టెలు విడిపోవునట్లు నమూనా అమర్చి, క్రిందిపెట్టె దట్టించి, బోర్లించి, పొడి ఇసుక చల్లి, పైపెట్టె దట్టించి, విప్పి నమూనాను మెల్లగా పైకి తీయుదురు. కుండ రంధ్రముకొరకు నూనెయో బెల్లపుమడ్డియో కలిపి కాల్చిన ఇసుకకడ్డీని నడుమ నిలుపుదురు.

కొలిమిలో కోకు, దుక్క ఇనుము, తునకబీడు, సున్నపురాయి పొరలుపొరలుగా వేసి కరగింతురు. పోయుటకు ముందు కొంచెము బీడును ఆప్పువంటి చిన్న అచ్చులో పోసి, చల్లార్చి, విరిచి, విరిగిన ముఖమును చూతురు. సన్ననికొన ఎంతమేర తెల్లగా మెరయుచున్నదో అదియే జవాబు. సిలికాను చాలనప్పుడు పలుచని అంచు త్వరగా చల్లారి, గ్రాఫైటు ఏర్పడక తెల్లబీడగును. అది గాజువలె గట్టి, గాజువలె పెళుసు. ఉలి దానిపై జారును. అందుకే పుల్లీబీడులో సిలికాను నూటికి రెండు పాళ్ళకు మించియుంచుట వాడుక.

పోత ముగియుటతో పని ముగియదు. అసలు మెలకువ అప్పుడే మొదలగును. అంచు గట్టిపడినదని తెలిసిన వెంటనే, కుండపైనున్న మన్నును మాత్రము తొలగించి, నడిమి ఇసుకకడ్డీని పొడిచి రాల్చుదురు. మందమైన కుండకు గాలి తగిలి త్వరగా చల్లారవలెను. పలుచని అంచు మన్నుక్రింద మెల్లగా చల్లారవలెను. రెండును ఇంచుమించు ఒకేసారి చల్లారినచో ఆకులలో లాగుడు మిగులదు. తొందరపడి అంతయు త్రవ్వి పుల్లీని నేలపై పడవేయువాడు, ముందు చెప్పిన "ఠంగు" శబ్దమును తానే పిలుచుకొన్నవాడగును.

తరిమెన పట్టిన పిమ్మట పుల్లీని ఇరుసుపై గ్రుచ్చి, సమముగానున్న రెండు పట్టాలమీద నిలుపుదురు. బరువైనవైపు దానంతట అదే క్రిందికి వచ్చి ఆగును. ఆ ప్రక్కన తొలిచి, ఎచ్చట వదలినను అచ్చటనే నిలుచువరకు సరిచేయుదురు.

ఇక మిల్లువారి పాలు. మన 900 మిల్లీమీటర్ల పుల్లీ నిమిషమునకు 250 చుట్లు తిరిగినచో దాని అంచు గంటకు 42 కిలోమీటర్ల వేగమున పరుగెత్తును. అంచు తన్ను తాను వెలుపలికి విసరికొనుటవలన కలుగు లాగుడు చదరపు సెంటీమీటరునకు సుమారు 10 కిలోలు. పని పెరిగినదని వేగమును 500 చుట్లకు పెంచినచో లాగుడు 20 కాదు, 40 అగును; వేగము రెట్టింపైన లాగుడు నాలుగు రెట్లు. అంచును లావు చేసినచో ఆగునుగదా యందురు. ఆగదు. లావుతోపాటు బరువును పెరుగును. చదరపు సెంటీమీటరుపై పడు లాగుడులో మార్పుండదు. లెక్కకు బీడు ఇంతకు ఎన్నో రెట్లు ఓర్వగలదు గాని, ఆకులు పట్టుకొన్న చోట్ల నడుమ అంచు వెలుపలికి వంగును, చల్లారుటలో మిగిలిన బిగువు దానికి తోడగును, కనబడని బుడగ యుండనే యుండవచ్చును. వీనిని తలచియే అంచువేగము సెకనుకు 25 మీటర్ల ప్రాంతమున ఆపవలెనని పెద్దలు చెప్పిరి. 500 చుట్లవద్ద మన పుల్లీ 23½ మీటర్లకు చేరినది. పాత పుల్లీపై క్రొత్త మోటారు పెట్టువారు ఈ లెక్కను మరచుట మేము చూచితిమి.

ఆ పోతశాల వృద్ధునియొద్దకు పుల్లీకై వచ్చినవారు మొదట వ్యాసము చెప్పుదురు. ఆయన వ్రాసికొనడు. "నిమిషమునకెన్ని చుట్లు?" అని అడుగును. తెలియదన్నచో, తెలిసికొని రమ్మని పంపివేయును.