ఒంటిపూట బడి, ఆరుబయట పాఠం

మార్చి సగమయ్యేసరికి తెలుగు రాష్ట్రాల్లో ఒంటిపూట బడులు మొదలవుతాయి. తెలంగాణలో ఎనిమిదింటికి, ఆంధ్రప్రదేశ్‌లో ఇంకో పావుగంట ముందే మొదటి గంట కొడతారు. పన్నెండున్నరకు చదువు ముగుస్తుంది. పిల్లలకు వడదెబ్బ తగలకూడదని పెట్టిన వేళలివి. అయితే ఆరుబయట పాఠం చెప్పాలనుకునే టీచరుకు ఏడాది మొత్తంలో ఇంతకన్నా మంచి పొద్దు దొరకదు. ప్రార్థన అయ్యేసరికి గాలి ఇంకా చల్లగానే ఉంటుంది. వేప పూతకొచ్చి ఉంటుంది. కానుగ ముదురాకు రాల్చి, నూనె రాసినట్టు మెరిసే లేతాకు వేస్తుంటుంది. మామిడి పిందెలు పిల్లల రాళ్లకు అందే సైజుకు వస్తుంటాయి.

చిక్కల్లా పరీక్షలతోనే. బయట వసంతం, లోపల రివిజను. పదో తరగతి వాళ్లనైతే కిటికీ వైపు కూడా చూడనివ్వరు. అందుకే చాలా బళ్లలో ఆరుబయట చదువంటే చలికాలంలో ఓ జూపార్కు ట్రిప్పు, వానాకాలంలో మొక్క నాటుతూ ఓ ఫొటో. ఆరు నుంచి ఎనిమిదో తరగతి మధ్య ఎప్పుడైనా పది రోజులు పుస్తకాల సంచి లేకుండా బడికి రావాలని 2020 జాతీయ విద్యావిధానం చెప్పింది. మంచి మాటే. కానీ ఒక్క రోజు బయట తిరిగొస్తే విహారమవుతుంది, చదువు కాదు. ఒకే చెట్టును వారం వారం చూడాలి, చూసింది తేదీ వేసి రాయాలి. అందుకు వారానికి పది నిమిషాలు చాలు.

సరిగ్గా ఈ పనినే నేచర్ కన్జర్వేషన్ ఫౌండేషన్ నడిపే సీజన్‌వాచ్ దేశమంతటా చేయిస్తోంది. బడిలోనో ఇంటి దగ్గరో ఉన్న ఓ చెట్టును ఎంచుకుని వారానికోసారి దాని కింద నిలబడి తలెత్తి చూడాలి. ఆకుల్లో లేతవెన్ని, ముదురువెన్ని, పండినవెన్ని? మొగ్గలున్నాయా, పూలు విచ్చాయా? కాయలు పచ్చివా, పండినవా? జవాబులు మూడే: లేవు, కొన్ని, చాలా. పిల్లలకు ‘లేవు’ అని రాయడం ఏమంత ఇష్టముండదు. చూసి కూడా ఏమీ కనబడలేదని రాయడమేమిటని వాళ్ల ఉక్రోషం. అయితే ఈ లెక్కలో ప్రాణమంతా ఆ ‘లేవు’లోనే ఉంది. పోయిన వారం లేని పువ్వు ఈ వారం కనిపిస్తేనే కదా ఎప్పుడు పూసిందో తెలిసేది! కేరళలో ఈ పని ఎక్కువగా బడిపిల్లల చేతుల మీదుగానే సాగింది. అక్కడ ఏప్రిల్ మధ్యలో వచ్చే విషు పండుగకు రేలపూలు తప్పనిసరి. పండుగకు చాలా ముందే రేల విరబూస్తున్న సంగతి ఆ పిల్లల నమోదుల్లోనూ కనిపిస్తుంది.

ఇలాంటి రాతలు ఏళ్లు గడిచేకొద్దీ విలువ పెంచుకుంటాయి. ఇంగ్లండులోని నార్ఫోక్‌లో రాబర్ట్ మార్షమ్ అనే భూస్వామి 1736లో వసంతం గుర్తులు రాసిపెట్టడం మొదలుపెట్టాడు. తొలి పువ్వు ఎప్పుడు, తొలి ఆకు ఎప్పుడు, కప్పలు ఎప్పుడు అరిచాయి అని. ఆయన తర్వాత ఆ కుటుంబం 1958 దాకా రాస్తూ పోయింది. జపాన్‌లోని క్యోటోలో చెర్రీ పూతకు క్రీ.శ. 812 నుంచి ఆధారాలున్నాయి. రాజులు, కొలువులోని వాళ్లు డైరీల్లో పూల పండుగల గురించి రాసుకున్న మాటలవి. వాటితో పోల్చబట్టే, 2021లో మార్చి 26కే వచ్చిన నిండు పూత పన్నెండు వందల ఏళ్లలో అతి తొందరదని లెక్క తేలింది. ఆ డైరీలు రాసినవాళ్లెవరూ వాతావరణ శాస్త్రం కోసం రాయలేదు.

ఇలా చూసి రాయడానికి బడికి పెద్ద ఆవరణ ఉంటే అదృష్టమే. మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీలో బడి పరిసరాలనే 1991లో పక్షుల సంరక్షణ ప్రాంతంగా ప్రకటించారు. అందరికీ అలాంటి లోయ ఎక్కడొస్తుంది? ప్రహరీ పక్కన ఒక్క వేప ఉన్నా పని జరుగుతుంది.

మోదుగ దొరికే ఊళ్లలో హోలీని కూడా పాఠం చేసుకోవచ్చు. ఆకులు రాలిన కొమ్మల మీద, చిలకముక్కులా వంగిన ఎర్రటి పూలు గుత్తులుగా పూస్తాయి. వాసన ఉండదు, తేనె మాత్రం ఉంటుంది. అందుకే తేనెపిట్టలూ గోరింకలూ కొమ్మ వదలవు. రాలిన పూలు ఏరి మరిగిస్తే నారింజ పసుపు రంగు దిగుతుంది. అందులో కాస్త సున్నపుతేట పోస్తే ముదురుతుంది. పసుపు నీళ్లలో సున్నం కలిపితే ఎర్రనీళ్లవుతాయని దిష్టి తీసే ప్రతి ఇంట్లోనూ తెలుసు. ఆ ఎర్రనీళ్లలో నిమ్మరసం పిండితే మళ్లీ పసుపు రంగు తిరిగొస్తుంది. ఆమ్లాలు, క్షారాల పాఠానికి ఇంతకన్నా వేరే ల్యాబ్ అక్కర్లేదు.

అన్నిటికన్నా సరదా పని మార్చి 20, 21 తేదీల్లో ఉంది. అప్పుడు సూర్యుడు భూమధ్యరేఖకు నడినెత్తిన ఉంటాడు. మీటరు కర్రను నేల మీద నిటారుగా నిలబెట్టి పన్నెండుం పావు నుంచి అయిదేసి నిమిషాలకోసారి నీడ కొలవాలి. హైదరాబాద్‌లో 12 గంటల 23 నిమిషాల ప్రాంతంలో నీడ అన్నిటికన్నా పొట్టిగా, 31 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది. ఇంటిగంటకు ఇంకా ఏడు నిమిషాలు మిగిలే ఉంటాయి! కర్రనూ నీడనూ పదో వంతుకు తగ్గించి నోటుబుక్కులో త్రిభుజం గీసి, కర్ర కొన దగ్గరి కోణాన్ని కోణమానినితో కొలిస్తే 17 డిగ్రీల పైచిలుకు వస్తుంది. హైదరాబాద్ అక్షాంశం అదే. పదో తరగతి వాళ్లయితే గీయకుండానే టాన్ పట్టికలో చూసి చెప్పేస్తారు.

అదే రోజు తిరుపతిలో నీడ 24 సెంటీమీటర్లు, ఆదిలాబాద్‌లో 36. రెండు బళ్ల టీచర్లు ఫోన్లో మాట్లాడుకుని కొలతలు మార్చుకుంటే కోణాల తేడా ఆరు డిగ్రీలని తేలుతుంది. మ్యాపు మీద ఆ రెండు ఊళ్ల మధ్య ఉత్తర దక్షిణ దూరం సుమారు 670 కిలోమీటర్లు. వృత్తంలో ఆరు డిగ్రీలంటే అరవయ్యో వంతు కాబట్టి, 670ని అరవైతో హెచ్చిస్తే 40,200. భూమి చుట్టుకొలత అసలు సుమారు 40,000 కిలోమీటర్లే. రెండు వేల రెండు వందల ఏళ్ల కిందట గ్రీకు పండితుడు ఎరటోస్తనీస్ అలెగ్జాండ్రియాలో నీడ చూసి వేసిన లెక్క పద్ధతి ఇదే. కర్ర ఏటవాలుగా ఉంటే మాత్రం భూమి కాస్త పెరగడమో తరగడమో జరుగుతుంది. ఆ పొరపాటు ఎక్కడ జరిగిందో వెతకడం ఇంకో పాఠం.

ఎండతో జాగ్రత్తలు తప్పవు. చెట్టు పనులన్నీ పదింటిలోపే ముగించాలి. నీడ కొలతకు ఒకేసారి తరగతంతా బయటికి రాకుండా నలుగురేసి వంతులవారీగా వస్తే సరిపోతుంది. కొలిచేవాళ్లు నెత్తిన తుండుగుడ్డ వేసుకోవాలి. తేనెపట్టు ఉన్న చెట్టు జోలికి పోనేకూడదు. బయటికి వెళ్లేముందూ వచ్చాకా నీళ్లు తాగించాలి.

ఇంత చేసినా ఒక కంత మిగిలిపోతుంది. ఏప్రిల్ నాలుగో వారంలో బడి మూస్తే మళ్లీ జూన్ రెండో వారంలోనే తెరుస్తారు. మామిడి పండేదీ, రేల విరబూసేదీ, వేపపండ్లు రాలడం మొదలయ్యేదీ ఆ సెలవుల్లోనే. కాబట్టి చివరి పరీక్ష నాడు మార్కుల సంగతితో పాటు చెట్ల సంగతి కూడా తేల్చుకోవాలి. బడికి దగ్గరగా ఉండే ఇద్దరు ముగ్గురికి బడి చెట్టు అప్పగించి, మిగతావాళ్లు అమ్మమ్మగారి ఊళ్లో ఓ చెట్టు చూసుకుంటే సరి. వేసవి ఏడు వారాలకు ఏడు వరుసలు గీసిన కాగితం చేతికిచ్చి పంపాలి. వరుసలు కొన్ని ఖాళీగా వచ్చినా దిద్దించకూడదు. చూడని వారం ఖాళీగానే ఉండాలి, అక్కడ ‘లేవు’ అని రాయకూడదు.