ఒకే త్రాటి నేస్తములు

నీరు పల్లమెరుగునని మన సామెత. కొండపై కురిసిన చినుకు వాగై, వంకయై, చెరువు చేరువరకు నిలువదు. మా కాశిబుగ్గ పేరులోని ‘బుగ్గ’ అను మాటకును నీటి ఊట యనియే అర్థము. ఊరెడి నీటిని, పారెడి నీటిని, చెరువున నిలిచిన నీటిని మనమెరుగుదుము. కాని పైనుండి దుముకుచున్న జలపాతము దుముకుచునే గడ్డకట్టి, స్తంభమువలె వ్రేలాడుచు నిలిచిపోవుట మన ఓరుగల్లు ప్రాంతమున ఎవరును చూచియుండరు. ఉత్తరమున హిమాలయములలో కార్తికమాసము దాటినపిదప ఈ వింత జరుగును. ఆ నిలిచిన నీటిని పట్టుకొని పైకి ప్రాకువారును కలరు. ఎండలకు పేరుపొందిన మన నేలపై పుట్టిన బాలబాలికలు సైతము మంచుపై నడచుట నేర్చి, లోకమునకెల్ల ఎత్తయిన శిఖరమును చేరిరి. అది ఎట్లు సాధ్యమైనదో, ఆ విద్యకు అన్నిటికంటె ముఖ్యముగా కావలసిన గుణమేదో ఈ పాఠమున తెలిసికొందము.

కొండలలో తిరుగుటకు శరదృతువు మిక్కిలి అనువైన కాలము. నైరుతి ఋతుపవనములు సెప్టెంబరు మాసపు నడుమ వాయవ్య భారతమునుండి వెనుదిరుగ నారంభించి, అక్టోబరు నడుమకు తెలంగాణమును విడుచును. ఇచ్చట బతుకమ్మకై తంగేడు, గునుగు పూలు కోయు దినములలోనే అచ్చట హిమాలయములలో ఆకాశము నిర్మలమగును. గాలిలోని దుమ్మును వానలు కడిగివేయుటచే దూరపు శిఖరములు సైతము దగ్గరగా నున్నట్లు కనబడును. వాగులు తగ్గి, దాటుటకు వీలగును. మన గుట్టలపైనను నాచు ఎండి, రాతిమీద కాలు నిలుచును.

అయితే ఒకే మాసమున ఇచ్చట చెమటయు, అచ్చట గడ్డకట్టు చలియు నుండుటకు కారణమేమి? ఎత్తునకు పోయినకొలది గాలి పలుచనగును, వేడిమి తగ్గును. వేయి మీటర్లకు సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గునని లెక్క. వరంగల్లు సముద్రమట్టమునకు రమారమి 270 మీటర్ల ఎత్తున నున్నది. అక్టోబరులో ఇచ్చటి పగటి వేడిమి 30 డిగ్రీలనుకొందము. ఈ లెక్క చొప్పున 4,500 మీటర్ల ఎత్తున మిగులునది రెండు మూడు డిగ్రీలు మాత్రమే. ఉత్తరమునకు పోయినకొలది చలి ఇంకను హెచ్చును. ప్రొద్దు గ్రుంకినంతనే అచ్చట నీరు గడ్డకట్టుటలో ఆశ్చర్యమేమున్నది?

మంచును చూడని మనవారు మంచుపై నడచుట ఎచ్చట నేర్తురు? మొదటి పాఠము మన రాతిమీదనే. ఓరుగల్లు కోటలోని ఏకశిలను మీలో పలువురు చూచియుందురు. మన ప్రాంతపు గుట్టల గ్రానైటు రాయి సుమారు 250 కోట్ల సంవత్సరముల నాటిది. హిమాలయములు పైకి లేవనారంభించి దాదాపు 5 కోట్ల సంవత్సరములే అయినది. ఎత్తున అవి పెద్దవియైనను, వయస్సున మన గుట్టలే తాతలు.

వరంగల్లునుండి సికింద్రాబాదునకు రైలులో పోవువారికి దారిలో భువనగిరి గుట్ట కనబడును. ఒకే రాయి 500 అడుగులకు పైబడి లేచి నిలిచినట్లుండును. పశ్చిమ చాళుక్యరాజగు త్రిభువనమల్ల విక్రమాదిత్యుని పేరుతో ప్రసిద్ధికెక్కిన కోట దానిపై కలదు. ఈ గుట్ట యొద్ద శిలారోహణము నేర్పుదురు. అచ్చట మొదట చెప్పు సూత్రమిది: రెండు చేతులు, రెండు కాళ్లు అను నాలుగింటిలో మూడు ఎప్పుడును రాతిపై స్థిరముగా నుండవలెను, ఒక్కటి మాత్రమే కదలవలెను. శరీరపు బరువును చేతులపై వేయక కాళ్లపై వేయవలెను. చేతులు త్వరగా అలసిపోవును. కాళ్లు మనలను పుట్టినది మొదలు మోయుచునే యున్నవి.

రెండవ పాఠము త్రాటిది. ఎక్కువాడు నడుమునకు గట్టి పట్టీ బిగించుకొని, దానికి త్రాడు ముడివేసికొనును. ఆ త్రాటి రెండవ భాగము క్రింద నున్న నేస్తము చేతిలో నుండును. నేస్తము తన నడికట్టునకు తగిలించిన యొక లోహపు పరికరముగుండా త్రాటిని కొంచెము కొంచెముగా వదలుచుండును. పైవాడు జారినచో ఆ పరికరము త్రాటిని బిగబట్టును. త్రాడు కొంచెము సాగి, దెబ్బను తానే మ్రింగును. చూచువారికి ఎక్కువాడే వీరుడుగా కనబడును. కాని వాని ప్రాణము క్రింద నిలిచినవాని చూపులో, చేతిలో నున్నది. ఆ నేస్తము ఒక్క క్షణము ప్రక్కచూపు చూచినను ప్రమాదమే. కావున ఎక్కుటకు ముందు ఒకరి ముడిని మరియొకరు పరీక్షింపవలెను. ఎంత ఆరితేరిన వారైనను ఈ పరీక్ష మానరు.

ఈ భువనగిరి రాతిపైననే మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ అను విద్యార్థులు ఓనమాలు దిద్దిరి. పూర్ణ నిజామాబాదు జిల్లా పాకాల గ్రామమున వ్యవసాయ కూలీల యింట పుట్టిన బాలిక. ఆనంద్ ఖమ్మము జిల్లా బాలుడు. ఇరువురును సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలల విద్యార్థులు. శేఖర్ బాబు అను పర్వతారోహకుడు వారికి గురువు. భువనగిరి పిదప వారు డార్జిలింగులోని హిమాలయ పర్వతారోహణ సంస్థలో శిక్షణ పొంది, రెనోక్ శిఖరము నెక్కిరి. తరువాత లడఖు చలిలో శరీరమును అలవాటు చేసికొనిరి. నేపాలు ప్రభుత్వము పదునారేండ్లు నిండని వారికి ఎవరెస్టు నెక్క అనుమతి నీయదు గనుక వారి దళము టిబెట్టు వైపునుండి బయలుదేరెను. 2014వ సంవత్సరము మే 25వ తేదీన ఉదయము వారిరువురును శిఖరముపై నిలిచిరి. అప్పటికి పూర్ణ వయస్సు 13 సంవత్సరముల 11 నెలలు. ఎవరెస్టు నెక్కిన బాలికలలో అంత చిన్నవయస్సువారు అంతకుముందు లేరు. ఆమె అంతటితో ఆగక, ఏడు ఖండముల ఎత్తయిన శిఖరములను ఒక్కొక్కటిగా ఎక్కి, 2022 జూన్ 5వ తేదీన ఉత్తర అమెరికాలోని డెనాలితో ఆ వరుసను పూర్తిచేసెను.

రాతిపై నేర్చినది మంచుపై కొంతవరకే పనికివచ్చును. రాయి నిన్న ఉన్నట్లే నేడును ఉండును. గడ్డకట్టిన నీరు ఉదయమున్నట్లు మధ్యాహ్నముండదు. దానిపై నడచుటకు బూట్ల అడుగున ఉక్కు కోరల చట్రమును బిగింతురు. దానిని క్రాంపాను అందురు. సామాన్యముగా పండ్రెండు కోరలుండును. అందు రెండు ముందునకు పొడుచుకొని యుండును. నిట్టనిలువు మంచుగడ్డలో ఈ రెండు కోరలను తన్ని నాటి, వానిపై నిలువవలెను. రెండు చేతులలో రెండు మంచుగొడ్డళ్లుండును. అక్కడక్కడ బోలుగానుండు మరమేకులను గడ్డలోనికి త్రిప్పి, వానికి త్రాటిని తగిలించుకొనుచు పోవుదురు. పైవాడు జారినచో ఆ మేకులును, క్రిందివాని పట్టును వానిని ఆపవలెను.

చలికాలపు తొలిదినములలో గట్టిపడిన గడ్డ మిక్కిలి మోసకారి. జలపాతము మొదట అంచులయందు బిగియును; నడుమ నీరు పారుచునే యుండును. పైపొర గాజువలె మెరయుచు గట్టిగా కనబడినను, దాని వెనుక ఖాళీ యుండవచ్చును. కుండ కొనునపుడు వ్రేలితో తట్టి చూచినట్లు, ఆరోహకులు గొడ్డలితో తట్టి చెవి యొగ్గి విందురు. డొల్లమోత వినబడినచో అడుగు వేయరు. నీలివన్నె గడ్డ సామాన్యముగా దట్టమైనది. తెల్లని గడ్డలో గాలిబుడగలు హెచ్చు గనుక బలము తక్కువ. చలి మితిమీరినచో గడ్డ పెళుసుబారి పలకలుగా పగులును. ఎండ సోకినచో మెత్తబడి విడిపోవును. అందుచేత తెల్లవారకముందే బయలుదేరి, ఎండ ముదరకముందే తిరిగి వత్తురు. పైవాని గొడ్డలి దెబ్బకు ముక్కలు రాలును గనుక, త్రాడు పట్టువాడు సరిగా వాని క్రింద నిలువక ఒక ప్రక్కన నిలుచును. ఇరువురి తలలకును గట్టి టోపీలుండును.

విశాలమైన హిమానీనదములపై నడచునపుడు ముగ్గురు నలుగురు ఎడముగా నడచుచు ఒకే త్రాటికి కట్టుకొందురు. ఆ మంచులో లోతైన పగుళ్లుండును. క్రొత్తగా రాలిన పలుచని మంచు వానిని కప్పి దారివలె భ్రమింపజేయును. ఒకడు పడినచో తక్కినవారు తక్షణమే మంచులో గొడ్డలి నాటి వానిని ఆపవలెను. 1953లో ఎవరెస్టు దండయాత్రలో ఎడ్మండ్ హిల్లరీ ఒక పగులులో పడినపుడు, టెన్సింగ్ నార్గే త్రాటిని గొడ్డలికి బిగించి ఆయనను కాపాడెను. తరువాత మే 29వ తేదీన వారిరువురే ఒకే త్రాటికి కట్టుకొని మొట్టమొదట ఎవరెస్టు శిఖరమును చేరిరి. ఎవరు ముందు కాలు మోపిరని లోకము గ్రుచ్చి గ్రుచ్చి అడిగినను, తొలుత వారు కలసియే చేరితిమని చెప్పుచు వచ్చిరి. ఆ మరుసటి యేట డార్జిలింగులో పర్వతారోహణ సంస్థ ఏర్పడగా, టెన్సింగ్ అచ్చట శిక్షణకు అధిపతియయ్యెను. మన పూర్ణ, ఆనందులు నేర్చినది ఆ సంస్థలోనే.

ఇట్టి ప్రయాణమున నేస్తముల మధ్య ముఖ్యముగా నుండవలసిన గుణమేది? ధైర్యమని మీరందురేమో. ధైర్యము కావలసినదే. కాని దానికంటె ముందు కావలసినది దాపరికము లేని మాట. ఎత్తున గాలి పలుచన. ఎవరెస్టు కొనపై గాలి ఒత్తిడి సముద్రతీరమున నున్నదానిలో మూడవవంతు మాత్రమే. శరీరము అలవాటు పడకముందే త్వరపడి ఎక్కినచో తలనొప్పి, వికారము, నడకలో తూలు కలుగును. మూడువేల మీటర్లు దాటినపిదప రాత్రి నిద్రించు తావును దినమునకు 500 మీటర్లకు మించి పెంచరాదనియు, మూడు నాలుగు దినములకొకసారి విశ్రమింపవలెననియు నియమము. అయినను తల నొచ్చినచో వెంటనే చెప్పవలెను. తగ్గనిచో క్రిందికి దిగుటయే దానికి నిజమైన మందు. నేస్తములు నవ్వుదురేమోయని నొప్పిని దాచినవాడు తనను మాత్రమే గాక, తన త్రాటికి కట్టుకొన్న వారినందరిని అపాయమున పడవేయును. ఆ మాట విని నవ్వినవాడు అంతకంటె పెద్ద తప్పు చేసినవాడు. ఏలయన మరుసటిసారి ఆ నేస్తము నోరు విప్పడు.

అందుచేతనే మంచి దళములలో అందరికంటె మెల్లగా నడచువాని నడకయే అందరి నడక. “నాకు అలసటగా నున్నది”, “ఈ గడ్డ మంచిది కాదు”, “ఇక మరలుదము” అను మాటలను చిన్నవాడు పలికినను పెద్దవాడు ఆగి వినవలెను. ఏ గంటకు వెనుదిరుగవలెనో బయలుదేరకముందే నిశ్చయించుకొందురు. ఆ వేళకు శిఖరము నూరు అడుగుల దూరమున నున్నను మరలుదురు. శిఖరము ఎచ్చటికిని పోదు. వచ్చే యేడును అచ్చటనే యుండును.

ఇంత జాగ్రత్తయు ఎందులకని అడుగువారికి కొండలే సమాధానము చెప్పినవి. 2014 ఏప్రిల్ 18వ తేదీన, పూర్ణ దళము టిబెట్టు వైపున నుండగా, నేపాలు వైపున మంచుచరియ విరిగిపడి 16 మంది నేపాలీ సహాయకులు మరణించిరి. 2022 అక్టోబరు 4వ తేదీన, నిర్మలమైనదని మనము చెప్పుకొన్న శరదృతువులోనే, ఉత్తరాఖండమున ద్రౌపదీ కా దండా శిఖరము చెంత శిక్షణకై వెళ్లిన దళముపై మంచుచరియ పడి 29 మంది ప్రాణములు కోల్పోయిరి. వారిలో ఆరితేరిన శిక్షకులును ఉండిరి. నెల్లూరు జిల్లాలో పుట్టిన మల్లి మస్తాన్ బాబు కోరుకొండ సైనిక పాఠశాలలో చదివి, 2006లో ఏడు ఖండముల శిఖరములను 172 దినములలో ఎక్కిన మేటి. ఆయన 2015 మార్చి నెలలో దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతములలో తప్పిపోయెను. ఏప్రిల్ నెలలో ఆయన దేహము దొరికెను. కొండకు మన పేరుతోను, కీర్తితోను పనిలేదు. అందుచే దానియెడ గౌరవము, తోడివారియెడ నిజాయితి, రెండును మనవద్దనే ఉండవలెను.

బాలబాలికలారా! మీలో కొందరికి ఏనాడైనను ఆ నిలిచిన జలపాతమును చూడవలెనను కోరిక కలుగవచ్చును. అది మంచి కోరిక. దానికి ఆరంభము దూరమున లేదు. శరత్కాలమున ఒక సెలవుదినము పెద్దలతో, ఉపాధ్యాయులతో కలసి ఊరి చెంతనున్న గుట్ట నెక్కుడు. త్రాటితో ఎక్కు విద్యను శిక్షకుని యొద్దనే నేర్చుకొనుడు, ఒంటరిగా సాహసింపకుడు. నీళ్లసీసా వెనుకబడిన వానికి ముందుగా అందించుడు. వాని కాలు నొచ్చుచున్నదని చెప్పినపుడు నమ్ముడు. వానికొరకు శిఖరమును విడిచి దిగివచ్చిన దినమున మీకు పర్వతారోహణములో మొదటి పాఠము వచ్చినట్లే.