పెద్దవాళ్ళున్న ఇల్లు

ఇంటికి పెద్దదిక్కు ఉండాలంటారు. ఆ పెద్దదిక్కు నిర్భయంగా తిరగడానికి ఆ ఇల్లు అనువుగా ఉందా అని మాత్రం మనం ఎవరమూ అడగం. నేనూ అడగలేదు, క్రిందటేడు మా అమ్మమ్మ స్నానాలగదిలో జారిపడేదాకా.

ఆవిడ 50 ఏళ్ళుగా తిరుగుతున్న ఇల్లే అది. మారినవి రెండే: నాపరాళ్ళు తీసేసి మేము ముచ్చటపడి వేయించిన నున్నటి టైల్సు, ఆవిడ వయస్సు. లోపల గొళ్ళెం పెట్టుకున్నందువల్ల తలుపు పగలగొట్టేసరికి అరగంట పట్టింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషనయ్యాక "మా దగ్గరికి వచ్చెయ్యమ్మా" అని మామయ్య బతిమాలితే, "నా ఇల్లు వదిలి నేనెక్కడికీ రాను" అని ఒకటే మాట. ఇక ఇంటినే మార్చవలసి వచ్చింది. అప్పుడు తెలుసుకున్న సంగతులే ఈ నాలుగు మాటలూ.

పడిపోవడం చిన్న విషయం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం పడిపోవడం వల్ల ఏటా 6,84,000 మంది చనిపోతున్నారు. ప్రమాద మరణాలలో రోడ్డు ప్రమాదాల తరువాతి స్థానం దీనిదే. చనిపోయేవారిలో ఎక్కువమంది 60 దాటినవారు. 2011 జనాభా లెక్కల నాటికే మన దేశంలో ఆ వయస్సువారు 10 కోట్ల పైచిలుకు.

ఎందుకు పడతారు?

మొదటిది చూపు. 20 ఏళ్ళ కంటి లోపలికి చేరే వెలుతురులో 60 ఏళ్ళ కంటికి చేరేది ఇంచుమించు మూడో వంతే. మనకు చాలిన బల్బు వారికి గుడ్డిదీపం. రెండవది రక్తపోటు. పడుకున్న మనిషి గబుక్కున లేస్తే రక్తం కాళ్ళలోకి దిగి, మెదడుకు అందేది క్షణకాలం తగ్గుతుంది. మన వయస్సులో శరీరం వెంటనే సర్దుకుంటుంది, పెద్దవాళ్ళకు ఆలస్యమవుతుంది. బి.పి. మందులూ, నిద్రమాత్రలూ వాడుతుంటే మరీను. అందుకే లేచాక మంచం మీదే కాళ్ళు కిందికి వేసి ఒకటి రెండు నిమిషాలు కూర్చోవాలి. ఇక ఎముకలు గుల్లబారి ఉంటాయి గనుక, మనకు గాయమయ్యే చోట వాళ్ళకు ఎముకే విరుగుతుంది.

ఏం చెయ్యాలి?

ముందు స్నానాలగది. తువ్వాలు వేసుకునే కడ్డీ మనిషి బరువు ఆపదు, ఊడి చేతికొస్తుంది. గోడలోకి మరలు దింపి బిగించిన స్టీలు కడ్డీ ఉండాలి. నేల గరుకుగా ఉండాలి. పీట బదులు వెడల్పు కాళ్ళ కుర్చీ వేస్తే మోకాళ్ళకు శ్రమ తగ్గుతుంది. లోపలి గొళ్ళెం తీసేసి, బయటినుంచి కూడా తీయగలిగే తాళం పెట్టించాలి. బక్కెట్టులో ముందు చన్నీళ్ళు, తరువాత వేన్నీళ్ళు.

మంచం నుంచి మరుగుదొడ్డి దాకా రాత్రంతా చిన్న దీపం వెలగాలి. దారిలో మడతపడే పట్టాలూ, వైర్లూ ఉండకూడదు. మంచం ఎత్తు, కూర్చుంటే పాదాలు పూర్తిగా నేలకానేంత ఉంటే చాలు.

గడప తీయించమంటే అమ్మమ్మ ససేమిరా అంది. అయితే గడపకు రాసే పసుపే మంచి గుర్తు. చూపు తగ్గినవారికి నేల రంగూ మెట్టు రంగూ ఒకటైతే అంచు కనపడదు. అందుకని పెరటి మెట్ల అంచులకూ పసుపురంగు పెయింటు పూశాము.

వంటింట్లో రోజూ వాడే డబ్బాలు నడుం ఎత్తులో ఉండాలి. అటక మీది జాడీ కోసం స్టూలెక్కే అవసరం రాకూడదు. వయస్సుతోపాటు వాసన పట్టే శక్తీ తగ్గుతుంది గనుక గ్యాసు కారినా తెలియకపోవచ్చు. వంటగ్యాసు గాలికన్నా బరువు, నేలబారున చేరుతుంది. అనుమానం వస్తే స్విచ్చి ముట్టకుండా రెగ్యులేటరు కట్టేసి, తలుపులు బార్లా తీయాలి. పడుకోబోయే ముందు రెగ్యులేటరు కట్టడం అలవాటు చేసుకోవాలి.

ఫోను పక్కన గోడమీద పెద్ద అక్షరాలతో ఇంట్లోవాళ్ళ నంబర్లూ, అంబులెన్సుకు 108, వృద్ధుల సహాయానికి 14567 రాసి ఉంచాలి.

మేము చేసిన పొరపాటు ఒకటి చెప్పి ముగిస్తాను. ఆవిడ ఆస్పత్రిలో ఉండగానే ఇల్లంతా సర్దేశాం, ఆవకాయ జాడీలతో సహా. ఇంటికొచ్చి చూసుకుని రెండురోజులు మాతో మాట్లాడలేదు. "ఇది నా ఇల్లేనా?" అంది చివరికి. అప్పుడు కూర్చోబెట్టి అడిగాం. మంచం పక్కన మంచినీళ్ళు, చేతికందే స్విచ్చి, పిలవడానికి పూజగదిలోని చిన్న గంట. ఈ మూడూ ఆవిడ చెప్పినవే. మాలో ఒక్కరికీ తట్టలేదు.

మిత్రులారా, ఈ సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు ఒక రాత్రి తాతయ్య లేచినప్పుడు మీరూ లేవండి. ఆయన వెనకాలే నడవండి. ఆయన చెయ్యి ఎక్కడ గోడ తడుముతుందో చూడండి. మర్నాడు పొద్దున్నే ఆయన్నడిగి, అక్కడ కడ్డీ బిగించండి.